ఫారిన్ కరణం

మా ముత్తాత అప్పల జగ్గదొర గారికి అనకాపల్లికి పడమర, రోలుగుంట దారిలో, ఏడు ఊళ్ళ మొఖాసా ఉండేది. ఆ ఏడు ఊళ్ళ శిస్తు సర్కారుకి కాకుండా మా ఇంటికి వచ్చేది. మా తాత పెద్ద రామదొర గారు పట్నంలోకి వస్తున్నారంటే బెల్లం మార్కెట్ దగ్గర బళ్ళు పక్కకి తీసేవారు. మా నాన్న సన్యాసిదొర గారి నాటికి ఊళ్ళు పోయి, అనకాపల్లి గవరపాలెంలో మేడ, శారదా నదికి వెళ్ళే దారిలో కొంత స్థలం, ఒక పల్లకీ కర్ర మిగిలాయి. పల్లకీ లేదు, కర్ర మాత్రమే.

మా వంశంలో మగవాళ్ళకి ఒక నియమం ఉంది. సంతకం పెట్టే కాగితం చదవం. చదివి పెట్టడమంటే ఎదుటి మనిషిని అనుమానించడం. మా తాతగారు చెరుకు తోట కౌలు కాగితం అనుకుని, నిలబడిన చోటే, రెండు ఊళ్ళ మీద హక్కు వదులుకుంటూ సంతకం పెట్టారు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు. ఇది మేం పిల్లలకి గొప్పగా చెప్పే సంగతి. ఇప్పటికీ గొప్పదే అంటాను.

ఈ నియమం విని నా ఎదుటే పకపకా నవ్విన మనిషి ఒక్కడే. ఆయన పోయిన మాఘంలో చనిపోయాడు. ఆ కబురు తెచ్చిన మనిషి చేతిలో నేను నాలుగేళ్ళ కిందట సంతకం పెట్టిన దస్తావేజు కూడా ఉంది. ఆ దస్తావేజు అర్థం కావాలంటే ముందు ఆయన తెలియాలి.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా ఒక జిరాక్స్ షాపు, దాని అరుగు మీద ఒక ఏటవాలు బల్ల. ఆ బల్ల వెనక కూర్చుని దస్తావేజులు రాసేవాడు. పొట్టి మనిషి. కాళ్ళు కిందికి అందక బల్ల కింద ఒక ఇటుక పెట్టుకునేవాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు. నీలం పెన్నుతో అనకాపల్లి చుట్టుపక్కల భూములన్నీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చేవాడు. ఆకుపచ్చ పెన్ను ఒకే ఒక ఊరి కోసం. ఆ ఊరు యూరప్‌లో, చెక్ దేశంలో ఉంది. దాని పేరులో హల్లులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఆయన రాసి చూపించేవాడే తప్ప ఎన్నడూ పలకలేదు. "మనూరు" అనేవాడు. మనూళ్ళో ఇప్పుడు దుంపలు తవ్వుతుంటారండి. మనూళ్ళో చర్చి గంట పగిలింది కదండి, యుద్ధంలో. విన్నవాళ్ళు మొదట ఏ పాయకరావుపేట పక్క ఊరో అనుకునేవారు.

పట్నమంతా ఆయన్ని ఫారిన్ కరణం అనేది. ఆయనకి కోపం లేదు. కరణం అంటున్నారు కదా, అది చాలు అనేవాడు.

కరణం అన్నది ఉత్త మాట కాదు. మా ఏడు ఊళ్ళలో ఒక దానికి తరతరాలుగా లెక్కలు రాసిన ఇల్లు వాళ్ళది. విశాఖపట్నంలో చెక్ దేశం వాళ్ళ సాయంతో పెద్ద కర్మాగారం కట్టే రోజుల్లో, అక్కడ నక్షాలు గీసే తెల్లవాడు ఒకడు ఆదివారాలు రైల్లో అనకాపల్లి దిగి, రోలుగుంట బస్సెక్కి బెల్లం వండే చోటుకి వెళ్ళేవాడట. వాళ్ళ ఊళ్ళో పంచదార దుంపలోంచి తీస్తారు. చెరుకు అతనికి వింత, దుంప మనవాళ్ళకి వింత. ఒకరోజు పొయ్యి వేడికీ ఎండకీ తట్టుకోలేక దగ్గర్లో ఉన్న కరణం గారి అరుగు మీద కూలబడ్డాడు. కరణం అప్పటికి పాతికేళ్ళవాడు. ఒళ్ళో తెరిచి ఉన్న గ్రామ లెక్కల పుస్తకం చూసి, తెల్లవాడు మజ్జిగ తాగడం ఆపేశాడట. మా నాన్న కూడా ఇలాంటిదే రాస్తాడు అన్నాడట. అక్కడ ప్రతి ఊరూ తన చరిత్ర రాయడానికి ఒక మనిషిని పెట్టుకోవాలని చట్టం ఉంది. ఏ ఏడు వడగళ్ళు పడ్డాయి, ఎవరి ఆవు పోయింది, ఎవరి కప్పు కూలింది, అన్నీ రాయాలి. చేతికొచ్చేది దాదాపు ఏమీ లేదు. ఊరంతా తిట్టుకుంటుంది.

"కరణమే," అని మనవాడు తేల్చేశాడు.

ఆ తండ్రీ ఈ కరణమూ వచ్చీరాని ఇంగ్లీషులో ఉత్తరాలు మొదలుపెట్టారు. నీ ఊరు నాకు పంపు, నా ఊరు నీకు పంపుతాను అని ఒప్పందం. ఒక్కో ఉత్తరానికి ఒక్కో వీధి చొప్పున పదేళ్ళకి పైగా సాగింది. ఇంతలో ఇక్కడ సర్కారు కరణాలని తీసేసింది. తాలూకా వాళ్ళు వచ్చి పుస్తకాలన్నీ గోనె సంచుల్లో వేసుకుపోయారు. చెక్ ఊరి ఉత్తరాలు మాత్రం వదిలేశారు, అవి వాళ్ళ జాబితాలో లేవు. ఆ తర్వాత రెండేళ్ళకి అక్కడి పెద్దాయన పోయాడు, ఉత్తరాలు ఆగాయి. మిగిలిన ఊరు అదొక్కటే కాబట్టి ఈయన దానికి కరణం అయిపోయాడు. ఎవరూ వేయలేదు, ఎవరూ తీసేయనూ లేదు.

ఉత్తరాలన్నీ ముందేసుకుని ఆ ఊరికి మన పద్ధతిలో లెక్కలు కట్టాడు. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే అడంగల్ పుస్తకం కట్టి, సర్వే నంబర్లు వేశాడు. రెండు గుట్టల మధ్య ఊరు. గుట్టల మధ్యనుంచి ఒక వాగు. వాగుకి అడ్డంగా చెరువు. ఆ చెరువుని ఏటా చలికాలం ముందు ఖాళీ చేసి ఊరంతా చేపలు పట్టుకుంటారు. చర్చి, బీరు మిల్లు, దుంపల పొలాలు, దొరవారి కోట. నీటి వనరు అన్న గడిలో "మంచు" అని రాసుకున్నాడు. వాళ్ళ చరిత్ర కూడా మన శిస్తు లెక్కల భాషలోనే చెప్పేవాడు. మూడు వందల యాభై ఏళ్ళ కింద స్వీడన్ సైన్యం వచ్చి ఊరు తగలబెట్టింది, ఆ ఏడు శిస్తు మాఫీ. జర్మన్లు వచ్చి గంట పట్టుకుపోబోతే పగిలింది, ఆ ఏడు శిస్తు రెట్టింపు. తర్వాత రష్యా వాళ్ళ మనుషులొచ్చి గట్లన్నీ దున్నించి పొలాలు కలిపేశారు. ఈ ఒక్క ముక్క చెప్పేటప్పుడు ఆయన ముఖం వాడిపోయేది. సైన్యాలు తగలబెట్టడం ఆయనకి అర్థమయ్యేది. గట్లు దున్నడం మాత్రం ఏ కరణానికీ మింగుడు పడదు.

టీ కొట్టు దగ్గర జనం ఆయన్ని వదిలేవారు కాదు.

"ఏటి కరణం గారూ, మీ వూళ్ళో దుంప ఎలా ఉంది?"

"మీ బెల్లంలాగ కాదు నాయనా. దుంపలో ఇసక కడిగితే పోద్ది."

అడిగినవాడు బెల్లం దళారీ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడానికి ఒక క్షణం పట్టేది, అతను నవ్వడానికి ఇంకా ఎక్కువ పట్టేది.

2002 ఆగస్టులో వాళ్ళ రాజధానిలోకి వరద వచ్చిందని పేపర్లో పడింది. రెండు రోజులు ఆయన ఒక్క దస్తావేజూ రాయలేదు. చేతి నక్షా బల్ల మీద పరిచి, చెరువు గట్టు తెగితే నీరు ఎటు పోతుందని జిరాక్స్ కుర్రాడితో సహా కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాడు. భూమి అమ్మడానికి గొలుగొండ నుంచి వచ్చిన కొండ రైతు ఒకతను, తన పని మరిచిపోయి, వేలు పెట్టి, ఇటు పోద్దండి, బీరు మిల్లు మునిగిపోద్ది అన్నాడు. మనవాడు ఆకుపచ్చ పెన్నుతో బీరు మిల్లు చుట్టూ ఒక గీత గీసి, "నష్టం విచారించవలెను" అని రాసుకున్నాడు. అప్పుడు గానీ ఆ రైతు పని మొదలుపెట్టలేదు.

నాకు ఆ ఊరి మీద ఆసక్తి కలగడానికి కారణం వాళ్ళ దొర. మా మొఖాసా పోయిన రోజుల్లోనే వాళ్ళ కోట కూడా పోయింది. అయితే అక్కడ సర్కారు మారాక, లాక్కున్న ఆస్తుల్ని వారసులకి తిరిగి ఇచ్చారని విన్నాను. ఆయన బతికుండగా నేను పని మీద ఆయన ఇంటికి వెళ్ళింది ఒకేసారి, అది ఈ విషయం కనుక్కోవడానికే. ఆయన గోడ మీద నక్షా చూపించి ముందు ఇళ్ళ నంబర్ల సంగతి మొదలుపెట్టాడు. అక్కడ ఇంటికి నంబరు వీధి వరసలో ఉండదట. మొదట నంబర్లు వేసిన నాటి నుంచి ఏ ఇల్లు ముందు కడితే దానికి ముందు నంబరు. పక్కపక్కనే ఆరూ ఎనభై రెండూ ఉండొచ్చు. కోట ఒకటో నంబరు.

చక్కటి పద్ధతి, మీరు లెక్కలు రాసిన మన మొఖాసా ఊళ్ళో అయితే మాది ఒకటి అన్నాను.

"మీది పదకొండు బాబుగారూ."

ఎలాగన్నాను. ఆయన అప్పటికే ఆ ఊరికి ఈ పద్ధతిలో నంబర్లు వేసి ఉంచాడు. ఒకటి కుమ్మరి వాళ్ళది. రెండు, మూడు గొర్రెల వాళ్ళవి. కరణం గారి తాతల నాటి లెక్కల్లో అలాగే ఉందట.

"కుండ లేనిదే మీ ముత్తాతగారు వచ్చి నీళ్ళు దేంతో తాగుతారండి," అన్నాడు.

అది మింగి, కోట తిరిగి ఇచ్చారా లేదా అని అడిగాను. ఇచ్చారన్నాడు. నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. కప్పు లేకుండా ఇచ్చారన్నాడు. ఆస్తి చేతిలో ఉన్న రోజుల్లో ఆ దొరలు మూడు తరాలు బయటి తోట ముక్క అమ్మడానికి నామోషీ పడి కప్పు బాగు చేయించలేదట. ఊరి చరిత్రలో పెద్దాయన దానికి ఒక్క వాక్యమే కేటాయించాడు: ఈ ఏడు కోట కప్పు కూలింది, రాళ్ళు పందుల దొడ్లకి పనికొచ్చాయి.

"మీ మేడ కప్పు ఎలా ఉంది బాబుగారూ?" అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. కానీ మేడ కప్పు బాగాలేదు. మధ్య దూలం దిగింది. ఆ వానాకాలం మా ఆవిడ మంచం మూడు చోట్లకి మార్చింది. మరుసటి ఏడు శారదా నది దారిలో ఉన్న ఇరవై రెండు సెంట్లు అమ్మడానికి నిర్ణయించుకున్నాను. అది మా ఏనుగు కొట్టాం. మా ముత్తాత గారి ఏనుగు గౌరిని కట్టిన చోటు. కొట్టాం పడిపోయి నలభై ఏళ్ళయినా, నేనెప్పుడూ దాన్ని స్థలం అని అనలేదు.

కొనేవాడు నూకరాజు. బెల్లం లారీలు రెండున్నాయి, అక్కడ గొడౌను కట్టాలని అతని ఆశ. అతని తాత గౌరికి మావటి. ఆ కొట్టాంలోనే ఏనుగు పక్కన పడుకునేవాడు. ఇంకొకరికైతే అమ్మేవాణ్ణి కాదు.

ఇద్దరం ఆ అరుగు ఎక్కాం. నేను ఒక్కటే అడిగాను. స్థలం వర్ణనలో "మా పూర్వీకుల గజశాల" అని రాయమన్నాను.

"రికార్డులో ఖాళీ స్థలం అని ఉందండి."

ఏనుగు ఉండేదని ఊరందరికీ తెలుసన్నాను.

"ఉండేది. మీది కాదు. మీ తాతగారి పెళ్ళికి ఒడిశా వైపు నుంచి అద్దెకి తెచ్చేరు. పెళ్ళయ్యాక తిప్పి పంపడానికి మీ ముత్తాతగారికి నామోషీ అయిపోయింది. పదకొండు నెలలుంది. గడ్డి మా ఊరి నుంచే వెళ్ళింది, మా తాత లెక్క రాసేడు."

నేను నూకరాజు వైపు చూశాను, ఖండిస్తాడని. అతను చేతులు కట్టుకుని నిజాయితీగా చెప్పాడు.

"అవునండి బాబూ. మా తాత ఏనుగుతో వచ్చేడు. ఏనుగు ఎల్లిపోనాది, ఆయన ఉండిపోనాడు."

మూడు తరాలుగా మా ఇంట్లో గోడకి వేలాడుతున్న అంకుశం నా కళ్ళ ముందు ఊగింది. మీకు తోచింది రాయండి అన్నాను. ఆయన పెన్ను మూత తీస్తూ ఏదో ఆలోచించాడు. తర్వాత గంటసేపు వంచిన తల ఎత్తకుండా రాశాడు. స్టాంపు కాగితాలు నా ముందు పెట్టి, ఒకసారి చదవండి అన్నాడు.

అక్కర్లేదన్నాను.

"ఈసారికి చదవండి బాబుగారూ. ఎల్లలు ఒక్కటీ చదవండి, చాలు."

మా ఇంట్లో ఆ అలవాటు లేదన్నాను. అప్పుడే ఆయన పకపకా నవ్వింది. ఆ నవ్వుతో మూడోసారి అడిగినా నేను చదివేవాణ్ణి కాదు. అడిగాడు కూడా. కాగితం నూకరాజు వైపు తిప్పాడు. బాబుగారు సదవంది నాను సదివితే బాగోదండి అని అతను సంతకం పెట్టేశాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఎల్లలు నేల మీద నిజమో కాదో చూడడం ఆఫీసు పని కాదు. అది రాసేవాడి పని, సంతకం పెట్టేవాడి పని. మేడ దూలం మారింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు నేను ఆయనతో మాట్లాడలేదు. నా రిక్షా ఆ అరుగు ముందు నుంచి వెళితే ఆయన ఇటుక మీంచి కాళ్ళు దించి, లేచి నిలబడి, ఆకుపచ్చ పెన్ను పైకెత్తేవాడు. ఏనుగు సంగతితో వెక్కిరిస్తున్నాడనుకుని నేను అటు పక్క చూసేవాణ్ణి. ఎన్నిసార్లు ఎత్తాడో లెక్కలేదు.

పోయిన మాఘంలో నూకరాజు మా మేడకి వచ్చాడు. కరణం గారు పోయి పన్నెండు రోజులయిందని చెప్పాడు. చెప్పి, గుమ్మం దగ్గరే నిలబడి దస్తావేజు తీశాడు. గొడౌనుకి బ్యాంకు అప్పు అడిగితే, బ్యాంకు ప్లీడరు కాగితాలు చదివి ముఖాన కొట్టాడట. "అదేటో మీరే సూడండి బాబూ," అన్నాడు.

సంతకం పెట్టిన కాగితాన్ని నేను చదవడం అదే మొదటిసారి. సర్వే నంబరు సరిగ్గా ఉంది. విస్తీర్ణం సరిగ్గా ఉంది. తర్వాత, ఆయన గుండ్రటి అక్షరాల్లో:

తూర్పు: చర్చికి పోవు రస్తా. దక్షిణం: దుంపల పొలము. పడమర: బీరు మిల్లు ప్రహరీ. ఉత్తరం: దొరవారి కప్పు లేని కోట.

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకే చోట ఇరుక్కున్నాయి. నూకరాజు నా ముఖమే చూస్తున్నాడు. నాలుగేళ్ళ కిందట నాకిచ్చిన డబ్బు అతను రెండు లారీల్లో ఒకటి అమ్మి తెచ్చింది. సవరణ దస్తావేజు మీద నా సంతకం పడితే తప్ప అతనికి గొడౌను లేదు.

ఆ సాయంత్రం మా వీధి ప్లీడరు ఊరికే వచ్చినట్టు వచ్చాడు. కబురు అప్పటికే తిరిగింది. తొందరపడి సంతకం పెట్టకండన్నాడు. పత్రంలో ఎల్లలు తప్పయితే అమ్మినట్టే కాదని వాదించొచ్చన్నాడు. హైవే నాలుగు వరసలయ్యాక ఆ దారిలో సెంటు ధర పదింతలయిందన్నాడు. "మీ ఏనుగు కొట్టాం మీకు తిరిగొచ్చినట్టే," అన్నాడు. అబద్ధం ఎందుకు, ఆ మాట నాకు తీపిగానే తగిలింది. పదకొండో నంబరు ఇంటికి కూడా ఏదో ఒకటి తిరిగి రావచ్చు కదా అనిపించింది. మేడలో మళ్ళీ వేరే దూలం దిగుతోంది.

మరునాడు కరణం గారి ఇంటికి వెళ్ళాను. పరామర్శకనే వెళ్ళాను, కానీ దస్తావేజు సంచిలో ఉంది. ఆయన భార్య నన్ను చూసి కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు. లోపలికి వెళ్ళి, ఆకుపచ్చ దారం కట్టిన ఒక దస్త్రం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బాబుగారు చదివేక వత్తారు, వచ్చిన రోజున ఇమ్మన్నారండి. ప్రతీ సాయంత్రం వచ్చి అడిగేవోరు, వచ్చేరా అని. నాలుగేళ్ళేటండి చదవడానికి."

లోపల తెల్ల కాగితం మీద సవరణ దస్తావేజు మొత్తం రాసి ఉంది. తేదీ దగ్గర ఖాళీ. తారీఖు వేసి స్టాంపు కాగితం మీదికి ఎక్కించడమే మిగిలింది. నన్ను ఒక్కసారైనా చదివించాలని పెట్టిన తప్పు అది. మర్నాడే వచ్చి తిడతానని, అప్పుడు ఈ కాగితం నా ముందు పెట్టాలని అనుకున్నాడు. నేను రిక్షాలో తల తిప్పుకుని పోతుంటే ఆయన పెన్ను ఎత్తి పిలిచింది దీనికే. నూకరాజు గొడౌను నాలుగేళ్ళు ఆగింది ఆయన చిలిపితనం వల్ల అని ఎవరైనా అంటే కాదనను. సగం. మిగతా సగం ఎవరి వల్లో నాకు తెలుసు.

సోమవారం నూకరాజుని రమ్మన్నాను. ప్లీడరు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఆ అరుగు మీద బల్ల ఖాళీగా ఉంది, కింద ఇటుక అలాగే ఉంది. స్టాంపు కాగితం మీద టైపు చేయించి, నేను నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాను. మా వంశంలో ఎవరూ చేయని పని కాబట్టి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. తూర్పు: శారదా నదికి పోవు బండి దారి. దక్షిణం: వేరొకరి పాత బెల్లం గొడౌను. పడమర: పంట కాలువ. ఉత్తరం: పుంత దారి. అన్నీ సరి. ఆఖరి వాక్యం దగ్గర ఆగాను.

"సదవండి బాబూ, ఆగిపోనారేటి," అన్నాడు నూకరాజు.

"ఈ స్థలమున పూర్వము అప్పల జగ్గదొర గారి అద్దె ఏనుగు గౌరి పదకొండు నెలలు కట్టబడియుండెను."

నేనడిగిన ఏనుగుని ఇచ్చాడు. అద్దె అన్న మాట వదల్లేదు. ప్లీడరు నా చెవి దగ్గరకి వచ్చి, ఆ వాక్యం కొట్టించెయ్యండి, అసలు సంతకమే ఆలోచించండి అన్నాడు. నూకరాజు వినిపించుకోనట్టు చెప్పుల వైపు చూస్తున్నాడు. మళ్ళీ మొదటి నుంచి ఒకసారి చదివాను, ఈసారి అద్దె దగ్గర ఆగకుండా. తర్వాత సంతకం పెట్టాను. నూకరాజు కాగితం అందుకుని, తన తాత పేరు కూడా ఎక్కడైనా ఉందా అని మెల్లగా చదువుకున్నాడు. లేదు. లేకపోయినా పర్లేదన్నాడు.

గొడౌను గోడలు లేచాయి. మేడ రెండో దూలానికి ఈ వేసవిలో పల్లకీ కర్ర అమ్మేశాం. అది టేకని మూడు తరాలుగా చెప్పుకున్నాం. కొన్నవాడు గోటితో గీకి మద్ది అన్నాడు. రసీదులో మద్ది అనే రాయించి, చదివి, సంతకం పెట్టాను.